లారీలో వంటగట్టు

రాజ్యలక్ష్మికి ఆ మిలిటరీ లారీ మీద ఏ కోపమూ లేదు. ఒళ్లు మండిందల్లా అందులో నిలబడి కిటికీలకి కర్టెన్లు కొలుస్తున్న రమాదేవిని చూసి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, రమాదేవి అందగత్తె. ప్లాంటు మేనేజరుగారమ్మాయి. మంచి పొడుగు కూడా. పక్కన నిలబడితే రాజ్యలక్ష్మి ఆమె భుజం దాకా వస్తుంది. అసలు మంట అక్కడే.

ఆ లారీ సోమశేఖర్‌ది. టాటానగర్ ప్లాంటులో ఇంజనీరు. ఏషియాడ్ అయిన మరుసటేడు ఊరంతా కలర్ టీవీల కోసం ఎగబడుతుంటే, ఇతగాడు పానాగఢ్ వేలంలో సైన్యం వదిలేసిన శక్తిమాన్ లారీ కొనుక్కొచ్చాడు. దాని వెనకాల పడకలూ వంటగదీ కట్టి, విశ్వకర్మ పూజ అవగానే లదాఖ్ దాకా తిరిగొస్తాడట. తెచ్చిన రోజే అది కాసిడీహ్‌లో బడిగేటుకి అడ్డంగా ఆగిపోయింది. ఆ బడిలో టీచరు మన రాజ్యలక్ష్మే.

"ఏటండీ ఇది? పిల్లలు బయటికెలా వత్తారు?"

"తోసేవాళ్లున్నారు టీచర్‌గారూ. స్టీరింగ్ పట్టుకునేవాళ్లే లేరు."

ఆవిడ కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం బిర్సానగర్ మైదానంలో డ్రైవింగ్ పాఠాలే. వీపు వెనక రెండు దిండ్లుంటే తప్ప క్లచ్ అందేది కాదు. అయినా నేర్పినవాడికన్నా నున్నగా గేర్లు మార్చేది.

అతను మాత్రం గేర్లూ బ్రేకులూ తప్ప ఇంకోమాట ఎత్తడు. ఈ ఆదివారం పలాస నుంచి పెళ్లిచూపులకి వస్తున్నారు. అతనో మాటంటే నాన్నకి చెప్పేస్తుంది. అనకపోతే పలాసే గతి. ఏదో ఒకటి తేల్చుకుందామని అగ్రికోలో అతని క్వార్టర్‌కి వస్తే, ఇదిగో ఈవిడ.

"రా రాజ్యం. పసుపు బావుంటుందా, నీలమా? నాకైతే నీలమే నచ్చింది," అంది రమాదేవి.

"ఇందులో ఉండేవోళ్లకి ఏది నచ్చితే అదే."

రమాదేవి నవ్వాపుకుంది. కొత్తగా కట్టిన వంటగట్టు మీద హాయిగా మోచెయ్యి ఆనించి నిలబడింది. రాజ్యలక్ష్మి అదే గట్టు దగ్గరికెళ్లి చూసుకుంది. దాని మీద చపాతీల పీట పెడితే గెడ్డానికి తగిలేలా ఉంది. కట్టినవాడు ఈ ఎత్తు ఎవర్ని చూసి కట్టాడో అడగాలా?

అంతలో వానలో తడుస్తూ సోమశేఖర్ లారీ ఎక్కాడు.

"ఈ గట్టు ఎవరి కొలతకి కట్టీసేరు?"

"వండే మనిషి కొలతకి."

"ఆ మనిషి బాగా పొడుగు కాబోలు."

"పొడుగే," అన్నాడు అమాయకంగా. "రోజూ వంగి వండితే నడుం పోదూ, పాపం?"

పాపమట! రాజ్యలక్ష్మికి కళ్లు నిండిపోయాయి.

"అలాగైతే నాకెందుకు బండి నేర్పేరు? నేనేటి, ఆటబొమ్మనా? పలాసోళ్లు వత్తన్నారు. ఒప్పీసుకుంటాను. మీరూ ఈవిడా సుఖంగా ఊరేగండి."

"నేనా?" అంది రమాదేవి. "కర్టెన్లు కుట్టిపెట్టమంటే వచ్చాను. సాక్చీ బజారు దాకా రిక్షా ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి తల్లీ. ఇదిగో సోమశేఖర్, ఇప్పటికైనా నోరు విప్పు." గొడుగేసుకుని దిగిపోయింది.

"వండేది నేనండీ," అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి నడిపేదెవరు?"

అతను ఆమెని లారీ ముందుకి తీసుకెళ్లి తలుపు తీశాడు. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉంది. పెడల్స్ మీద చెక్కముక్కలు బిగించి ఉన్నాయి. ఎక్కి కూర్చుంటే, దిండు లేకుండానే క్లచ్ ఆమె కాలి కింద చివరిదాకా దిగింది.

"ముందే అడగొచ్చు గదా?" అంది స్టీరింగ్ పట్టుకుని.

"సీటు కుదరకుండా మనిషినెలా అడగను? నిన్ననే కుదిరింది." ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! "నాతో వస్తావా, రాజ్యం?"

అతను నువ్వు అనడం అదే మొదలు. అంత సంతోషంలోనూ ఆ పిల్ల కుళ్లు మానలేదు.

"కర్టెన్లు పసుపువే వెయ్యాలి. నీలం ఆవిడికి నచ్చింది."

అరగంటలో శక్తిమాన్ టాటానగర్ రైల్వే క్వార్టర్లలో రాజ్యలక్ష్మి నాన్నగారింటి ముందు ఆగింది. లైనంతా వరండాల్లోకి వచ్చి చూసింది. డ్రైవరు సీట్లో కూతురు, పక్కన తడిసిన కుర్రాడు. రైలింజను డ్రైవరు నీలకంఠం మెట్టెక్కి, చేత్తో బ్రేకు నొక్కి చూశాడు. చెక్కముక్కని గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు.

"ఇది ఎవరు బిగించేరు?"

"నేనేనండీ."

నీలకంఠం కూతురి కాళ్ల వైపు చూశాడు. "పలాసోళ్లకి ఏటి చెప్పమంటావే?"

"రావద్దని చెప్పీ నాన్నా. నేను ఈ బండి నడపాల. వంట ఈయన చేత్తారు."

ఆయన మెట్టు దిగి, అటు తిరిగొచ్చి, రెండోవైపు తలుపు తీశాడు.

"దిగు బాబూ. వంటోడివి, నువ్వు ఎనక్కెళ్లాల. నేనిక్కడ కూకుంటాను. పోనీవే అమ్మా, పలాసకి టెలిగ్రాం ఇచ్చొద్దాం."