గీతలు చెరిగిన రాళ్లు

"ఈ రాళ్లకి తలంటు పోసిన మహానుభావుడెవరండీ?"

ఫరీదాబాద్‌లో మా షెడ్డులోకి అడుగుపెడుతూనే, రాళ్లు పరీక్షించడానికి వచ్చిన జియాలజిస్టు అబిగెయిల్ అడిగిన మొదటి మాట అది. ఆ మహానుభావుణ్ని నేనే. పేరు కిరీటి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, ఇంకా పర్మనెంట్ కాలేదు.

"తెలీదండీ," అన్నాను.

సొరంగం తవ్వబోయే చోట డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలవి. భూమిలో ఏ పక్క ఏ దిక్కుకి ఉండేదో చెప్పడానికి డ్రిల్లర్లు వాటి మీద ఎర్రగీత పెడతారు. ఫొటోల్లో రాళ్లు మెరవాలని నేను పెయింటు థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి పారేశాను. ఇప్పుడు పగుళ్లు ఎటు వాలాయో తెలియదు, సొరంగం డిజైన్ ఆగింది. మా మేనేజర్ శేషగిరి గారు, తప్పంతా డ్రిల్లర్లదేనని ఎగిరిపడుతున్నారు. నేను నోరు మెదపలేదు.

ఆ గీతలు తిరిగి పెట్టడంలో మూడు రోజులు ఆవిడకి సాయంగా ఉన్నాను. విరిగిన అంచులు ఓపిగ్గా కలిపేది. ప్లాస్టిక్ షీటు రాయికి చుట్టి, పగులుని స్కెచ్‌పెన్‌తో దిద్దేది. ఆ రాయి తీసిన బోరులో కెమెరా దింపి తీసిన ఫొటో మీద షీటు పరిచి, పగులు మీద పగులు పడేదాకా మెల్లగా జరిపేది.

"అదిగో, కూర్చుంది! ఉత్తరం ఇటు."

బయట వాన. ఆవిడ ముక్కు మీద రాతిపొడి. ఇంత అందమైన పని నా జన్మలో చూడలేదు. అందం పనిదేనా అని మాత్రం అడక్కండి.

చివరికి ఒక్క ముక్క మిగిలింది. అంచులు అరిగిపోయాయి, పగుళ్లు లేవు.

"ఎటో ఒకవైపు గీసెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుస్తుందిగా," అంటూ దాని మీద 'దిశ తెలియదు' అని రాసింది.

నాకు సిగ్గేసింది. తిన్నగా శేషగిరి గారి దగ్గరికెళ్లి, "తుడిచింది నేను సార్. డ్రిల్లర్ల తప్పేం లేదు," అనేశాను. ఆయన తిట్టని తిట్టు లేదు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు.

తిరిగొచ్చేసరికి అబిగెయిల్ పెట్టెలు సర్దుతోంది.

"తిట్లు ఇక్కడిదాకా వినిపించాయి. ఉద్యోగం ఉందా?"

"వేలాడుతోంది. అబిగెయిల్ గారూ, ఆరోజు మీతో అబద్ధమాడాను. ఇంకోటి కూడా దాచాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

"తుడిచింది మీరని మొదటిరోజే తెలుసు. ఎర్ర మరకల గుడ్డ మీ బ్యాగుకే వేలాడుతోందిగా!"

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశా. మా అమ్మ రోజూ అడుగుతోంది, ఆ తెలుగబ్బాయి ఎలాంటివాడే అని."

"ఏం చెప్పారు?"

"తెలియదన్నాను."

ఆవిడ ఫోన్ తీసింది.

"అమ్మా, ఆదివారం చర్చి అయ్యాక ఆ అబ్బాయిని భోజనానికి తీసుకొస్తున్నా... ఆఁ, ఇప్పుడు తెలిసింది."