ఉప్పు గోదాంలో ఎడమ పక్క

నౌపడ స్టేషను దాటి ఉప్పుమళ్ళ వైపు పోయే మట్టిదారిలో పాడుబడ్డ గోదాం ఒకటి ఉంది. పొద్దుగూకాక అక్కడ కుక్క కూడా మొరగదు. మొరిగితే లోపలి నుంచి ఎవరైనా బదులిస్తారేమోనని దానికి భయం.

ఆ గాలికి ఇనుము బతకదు. గోడకి సైకిలు ఆనించి ఒక బీడీ కాల్చుకొచ్చేలోగా చైను తుప్పు పట్టిపోతుందని అంటారు. అది మరీ అన్యాయం. రెండు బీడీలైనా పడుతుంది.

గోదాం లోపల ఓ మూలన కాటా గది. అందులో ఒకప్పుడు జగన్నాధం అనే ఆయన ఉప్పు బస్తాలు తూచేవాడు. కాటా ముల్లు వెంట్రుకవాసి ఒరిగినా ఆ పూట అన్నం ముట్టేవాడు కాదట. తన పెళ్ళిలో పీటలు ఎత్తుపల్లంగా ఉన్నాయని అవి సరిచేయించాకే తాళి కట్టాడు. ఈలోగా పురోహితుడు రెండుసార్లు నిద్రపోయి లేచాడు.

పెద్ద గాలివాన వచ్చిన రాత్రి అందరూ పారిపోతే, కాటా పడిపోతుందని దాని గొలుసు పట్టుకుని నిలబడ్డాడాయన. తెల్లారి గోడ కింద దొరికాడు. గొలుసు చేతిలోనే ఉంది. నలుగురు లాగినా పిడికిలి విప్పలేదు... గొలుసుతోనే తగలేశారు.

అప్పట్నించీ రాత్రిపూట ఆ దారిన పోయేవాళ్ళని ఎవరో మెల్లగా అడుగుతారట —

"సమంగా ఉన్నాదేటి?"

చూడకుండా "ఉన్నాది" అన్నవాళ్ళకి నలభై రోజులు జ్వరం. "లేదు" అన్నవాళ్ళకి ఏమైందో చెప్పడానికి వాళ్ళు దొరికితే కదా.

అలాంటి చోటికి వెల్డింగు ఈశ్వర్ కారు పట్టుకొచ్చాడు. ఏం చేస్తాడు పాపం... రైల్వేగేటు పక్కనున్న అతని కొట్టు అరచేతిలో సగం. వచ్చిన కారేమో అరవై ఏళ్ళ నాటిది, పడవంత పొడుగు. గోదాం ఖాళీగా ఉంది, కరెంటు ఉంది, అడిగేవాడు లేడు. పగలు చుట్టుపక్కల జీడిపప్పు మిల్లులు తిరుగుతున్నంతసేపూ వోల్టేజి నీరసించిపోతుంది. రాడ్డు మండదు, రేకుకి జిగురులా పట్టుకుంటుంది. అందుకని పని చెయ్యాలంటే రాత్రే గతి.

కారు శ్రీకాకుళంలో ఉండే ప్రసూనాంబగారిది. సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త బతికున్న రోజుల్లో తంబూరా వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఇద్దరూ ఆ కారులోనే కచేరీలకి తిరిగేవారు.

"రంగు ఎలా ఉన్నా ఫరవాలేదు నాయనా," అన్నారావిడ. "రోడ్డు మీద తిన్నగా నడవాలి. శ్రుతి జారిన తంబూరాలా ఓ పక్కకి లాగితే మాత్రం నేను ఎక్కను. తుక్కుకి ఇచ్చేస్తాను. శుక్రవారం పొద్దున్నే వస్తా."

ఆ మాట ఈశ్వర్‌కి గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకంటే ఊళ్ళో అతని పేరు వంకర ఈశ్వర్. నిరుడు ఒక ట్రాక్టరు ట్రాలీకి వెల్డింగు చేశాడు. ట్రాక్టరు శ్రీకాకుళం వైపు పోతుంటే ట్రాలీ పాతపట్నం వైపు చూసేది. ఆ దెబ్బతో కొట్టుకి మనిషి రావడం మానేశాడు. బావమరిది దేవేంద్ర, మద్రాసులో బిల్డింగు పనికి తనతో వచ్చెయ్యమని ఆదివారం రైలుకి టిక్కెట్టు కూడా తీసి పెట్టాడు.

"ఈ కారు తిన్నగా వస్తే ఇక్కడే ఉందాం మావా," అంది పెళ్ళాం తులసి. "రాకపోతే నువ్వు ఎల్లు. నీ వెల్డింగు మాస్కు కిటికీకి తగిలించుకుని సూసుకుంటాను."

కారుకి చాసిస్ అంటే మంచానికి చట్రం లాంటిది. రెండు పొడుగాటి పట్టెలు, వాటిని కలిపే అడ్డపట్టెలు. మిగతాదంతా దాని మీద కూర్చునేదే. ఉప్పుగాలి ఆ పట్టెల్ని రెండు పక్కలా జల్లెడ చేసింది. ఈశ్వర్ కారుని నాలుగు ఇనుప స్టాండ్ల మీదికెత్తి, పుచ్చిపోయిన చోటల్లా కోసి, కొత్త రేకు అతకడం మొదలుపెట్టాడు.

పని రాక కాదు. విజయనగరంలో జోగయ్య గురువు చెవి మెలేసి మరీ నేర్పాడు. "ఇటు అంగుళం, అటు అంగుళం. ఇక్కడ కాల్చి అక్కడికి పో. చెయ్యి పెట్టేంత చల్లారనీ. కాలిన ఇనుము చల్లారేటప్పుడు ముడుసుకుంటాది ఒరే... ముడుసుకుంటూ పక్కదాన్ని లాక్కుపోతాది."

అన్నీ తెలుసు. కానీ కారు ఎడమ పక్క కాటా గది వైపు ఉంది. దానికీ ఆ గది గుమ్మానికీ మధ్య మనిషి కూర్చునేంతే ఎడం. అటు కూర్చుని వెల్డింగు చెయ్యాలంటే ఆ గదికి వీపు పెట్టాలి. పైగా ముఖానికి మాస్కు. మాస్కులోంచి నిప్పు చుక్క తప్ప లోకం కనపడదు...

వెనక ఎవరు నిలబడినా తెలీదు.

మొదటి రాత్రి కుడి పక్క చేశాడు. ఎడమ పక్క రేపు చూద్దాంలే అనుకున్నాడు. రెండో రాత్రీ కుడి పక్కే చేశాడు. ముందు మూల, అడ్డపట్టె అతికే చోట, నిప్పు ఆపకుండా ఈ కొస నుంచి ఆ కొసకి లాగించేశాడు. చల్లారనివ్వడానికి ఆగితే నిశ్శబ్దంలో కూర్చోవాలి మరి.

గురువారం రాత్రి వచ్చింది. కుడి పక్క చివరి జానెడూ కాల్చేశాక అటు చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు.

ఈశ్వర్ మాస్కు ఒళ్ళో పెట్టుకుని, కారు కుడి పక్కనే కూర్చుని, ఎడమ పక్కకి వెళ్ళాలని ఒక గంట ఆలోచించాడు. అప్పుడు —

టింగ్.

ఏదో చిన్న గిన్నె మీద గోరుతో కొట్టినట్టు.

...టింగ్.

సముద్రం వైపు నుంచి గాలి లోపలికొచ్చింది. బల్బు ఊగింది. కాటా గది గుమ్మంలో చీకటి ఒకసారి పొడుగై, పొట్టిదైంది.

టక్... టక్... టక్.

కర్ర చెప్పులేసుకుని ఎవరో తొందర లేకుండా నడుస్తున్నారు. కారుకి అవతల. ఎడమ పక్క.

ఈశ్వర్ ఊపిరి బిగబట్టాడు. ఒక అరగంట బిగబట్టాడంటారు చూసినట్టు చెప్పేవాళ్ళు. చప్పుడు ఆగింది. అంతలో కారు ఎడమ పక్క తలుపు — గొళ్ళెం వేసి ఉన్నది, తన చేత్తో వేసినది — కిర్రుమని దానంతటదే తెరుచుకుంది.

మెల్లగా. ఎవరో ఎక్కబోతున్నట్టు.

ఒక చెప్పు గోదాంలో, రెండోది రైలు పట్టాల దగ్గర వదిలి ఈశ్వర్ ఇంట్లో పడ్డాడు. తులసి లేచి దీపం వేసింది.

"ఏటైనాది?"

"కాటా జగన్నాధం... ఎడం పక్క తలుపు తీసినాడు."

"తీసి ఏటన్నాడు?"

"ఏటీ అనలేదు."

"మరి ఏసీసి రాకపోయావా?"

తులసి గోడ మేకుకున్న పురికొస ఉండ తీసుకుంది, టార్చి తీసుకుంది, కొంగు దోపుకుంది. ఆమె పాతపట్నం దగ్గర మంచాలు చేసే వడ్రంగి కూతురు. దెయ్యాలతో పరిచయం తక్కువ, వంకర మంచాలతో ఎక్కువ.

గోదాంలోకి పోగానే ముందు కారు తలుపు వేసింది. అది పడలేదు. ఇంకోసారి వేసింది. కింద రాసుకుంటోంది, పైన రెండు వేళ్ళు పట్టేంత సందు. గొంతుక్కూర్చుని టార్చి కిందికి వేసింది. కారు మూడు స్టాండ్ల మీదే కూర్చుని ఉంది. నాలుగోది, ఎడమ వెనకది, ఊరికే నిలబడింది. పట్టెకీ దానికీ మధ్య తులసి చూపుడువేలు దూరింది.

ఆమె లేచి కారు మీద చెయ్యేసి నొక్కింది.

టక్.

వదిలి మళ్ళీ నొక్కింది. టక్.

"ఇదిగో నీ జగన్నాధం. గాలి కొట్టినప్పుడల్లా ఊగతన్నాడు."

తర్వాత పురికొస తీసింది. కుడి ముందు మూల నుంచి ఎడమ వెనక మూలకి పట్టి ముడేసింది. అదే పురికొస ఎడమ ముందు మూల నుంచి కుడి వెనక మూలకి పట్టి ఇంకో ముడేసింది. సమంగా రావాల్సిన రెండు ముడుల మధ్య మూడు వేళ్ళ తేడా.

"ఇది మంచమైతే మావా, దీని మీద పడుకున్నోడు తెల్లారేసరికి ఈదిలో ఉంటాడు." ఆమె కుడి పక్క వెల్డింగు చూసింది. ఎడమ పక్క చిల్లులు చూసింది. "ఇటేపు ఒక్క సుక్క ఎయ్యలేదేటి?"

ఈశ్వర్ నేల చూశాడు.

"వీపు..."

"ఏటి?"

"అటు కూకుంటే... ఆ గదికి వీపు పెట్టాలి."

తులసి టార్చి ఆ గదిలోకి వేసి నాలుగు మూలలా చూసింది.

"దెయ్యానికి బయపడి ఒక పక్కే కాల్సినావు," అంది. "ఒక పక్కే కాల్సినావని బండి మెలిక పడింది. సల్లారతా టింగుమంది, ఊగతా టక్కుమంది, తలుపు జారింది. ఆ సప్పుడుకి దెయ్యమని పారొచ్చినావు. ఆ గదిలో ఎవుడూ లేడు మావా. ఉన్నదంతా నువ్వే."

"తెల్లారితే అమ్మగారొస్తారు," అన్నాడు ఈశ్వర్. "దేవేంద్రకి ఫోను సెయ్యనా?"

"ఒస్తానని సెప్పడానికైతే వద్దు."

తులసి వెళ్ళి కాటా గది గుమ్మం మీద కూర్చుంది. కారుకి వీపు పెట్టి, ముఖం ఆ చీకట్లోకి పెట్టి, టార్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడ నేనున్నాను. నీ ఈపు నాది. నువ్వు సూడాల్సింది నిప్పే. పని సూడు."

ఈశ్వర్ గ్రైండరు అందుకున్నాడు. కుడి ముందు మూల తను వేసిన వెల్డింగునే కోశాడు. కోస్తుంటే బిగదీసిన ఇనుము ఠప్పుమని నోరు తెరిచింది. గోదాం కప్పు మీది పావురాలు... ఒక లక్ష ఉంటాయి... ఒక్కసారి లేచాయి. తులసి తల తిప్పలేదు.

పొడుగ్గా సాగిన మూలకి, దాని ఎదురు మూలకి గొలుసు వేసి, బరువులు లాగే చైన్‌బ్లాకుతో లాగాడు. ఒక్కో పన్నూ కిర్రు కిర్రుమంటూ తిరిగింది. తలుపుల సందుల్లో ఇనుప పైపులు అడ్డంగా అతికాడు, మళ్ళీ కదలకుండా. వదిలితే వెనక్కి పోతుందని చట్రాన్ని అవసరమైన దానికన్నా ఒక వేలు ఎక్కువే లాగి పెట్టాడు. అప్పుడు ఎడమ పక్కకి వచ్చి, కాటా గదికి వీపు పెట్టి, మాస్కు దించాడు.

అంగుళం ఇటు. లేచి వెళ్ళి అంగుళం అటు. చెయ్యి పెట్టి చూడటం. ఆగటం. చల్లారటం. టింగ్... మళ్ళీ అంగుళం.

ఎన్నిసార్లు ఆ కారు చుట్టూ తిరిగాడో లెక్కలేదు. ఆ నడకతో కాశీ పోయి రావచ్చు. ఆగిన ప్రతిసారీ నిశ్శబ్దం వచ్చి మెడ మీద కూర్చునేది. "ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను," అనేది.

తెల్లవారుజామున చివరి అంగుళం వేస్తుండగా వెనక నుంచి తులసి ఏదో అంది. మాస్కులో, చిటపటల్లో సరిగ్గా వినపడలేదు. ఊ కొట్టాడు.

చల్లారింది. గుమ్మం వైపు చూడకుండానే పైపులు కోశాడు. గొలుసు వదులు చేశాడు. చట్రం చిన్నగా మూలిగి, సర్దుకుని, నాలుగు స్టాండ్ల మీదా కూర్చుంది. ఈశ్వర్ పురికొస ఉండ అందుకున్నాడు. మద్రాసా, నౌపడా... రెండు ముడులే తేల్చాలి.

కుడి ముందు మూలన కారు కిందికి దూరి, పురికొస ఉండని అవతలికి దొర్లించాడు.

"తులసీ. కాటా గది పక్క ఎనక మూలకి పట్టు."

పురికొస బిగిసింది. ముడేశాడు.

పాక్కుంటూ ఎడమ ముందు మూలకి వెళ్ళాడు. "ఇప్పుడు అవతలి మూల."

కొంచెం జాగు... పురికొస జారింది, కదిలింది, మళ్ళీ బిగిసింది. ఎంత నేర్పుగా పట్టింది, వీణ తీగలా. రెండో ముడి వెయ్యబోయి ఆగిపోయాడు. వెయ్యాల్సిన పని లేదు. మొదటి ముడి వచ్చి సరిగ్గా మూల మీదే కూర్చుంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

కారు కిందే వెల్లకిలా పడి నవ్వాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి.

అవతలి కొస నుంచి మెల్లగా వినపడింది.

"సమంగా ఉన్నాదేటి?"

గొంతు బొంగురుగా ఉంది. రాత్రంతా పొగ మింగింది కదా తులసి, పాపం... పైగా ఇప్పుడు కూడా ఏడిపిస్తోంది.

"ఉన్నాది," అన్నాడు ఈశ్వర్. "సూసే సెప్తన్నాను."

"ఊఁ," అంది ఆ గొంతు. తృప్తిగా.

గోదాం తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఈశ్వర్ తల తిప్పి చూశాడు. వెలుగు రేకలో తులసి, ఒక చేతిలో ఫ్లాస్కు, రెండో చేతిలో గ్లాసులు.

"సెప్పే కదా ఎల్లాను, గేటు కాడ టీ కొట్టు తీసీసరికి ఇంతసేపైంది," అంది. తర్వాత ఆగింది. "ఎవరితో మావా మాట్లాడతన్నావు?"

ఈశ్వర్ తన చేతిలోని పురికొస వైపు చూశాడు.

అది ఇంకా బిగిసే ఉంది.