హెలెన్ టీచర్ ఆగే చోటు

గవర్నర్‌పేట లైబ్రరీలో మేడమీది క్యాసెట్ల గదిని ఆ వారం ఖాళీ చెయ్యాలి. ఏవి ఉంచాలో, ఏవి తుక్కుకి వెయ్యాలో తేల్చే పని లైబ్రేరియన్ హేమ నెత్తిన పడింది. ఈ పీడ వదిలితే ఉయ్యూరు బ్రాంచికి బదిలీ చేస్తామన్నారు పైవాళ్లు. రోజూ బస్సులో వేలాడుతూ ఉయ్యూరులో ఇల్లు చేరేసరికి కూతురు రుచిత నిద్రపోయి ఉంటోంది. అమ్మంటే ఆ పిల్లకి నిద్రలో తగిలే చెయ్యి మాత్రమే అయిపోయింది.

కార్తీకమాసం. సాయంత్రమే చీకటి పడింది. బయట ముసురు. గదిలో చెమ్మ వాసన, దానితోపాటు పాత టేపుల పుల్లటి వాసన. అటెండరు హనుమయ్య అట్టపెట్టెలు దించుతూ, ఇవన్నీ చూపులేని పిల్లల కోసం హెలెన్ టీచర్ చదివి రికార్డు చేసిన పాఠాలని చెప్పాడు. ఆవిడా లేరు, అడిగేవాళ్లూ లేరు. ఇప్పుడంతా ఫోన్లలోనే వింటున్నారు.

"పేరా పేరాకీ ఆగేవారండి టీచరుగారు. పిల్లలు గట్టి కాగితం మీద సూదితో చుక్కలు పొడుచుకుంటూ రాసుకోవాలి కదా."

గంగాధర్ అని ఒకడుండేవాడట. రాసి రాసి చూపుడువేలు కాయ కాచిపోయిందట. చరిత్ర పాఠం సగంలో ఉండగా జ్వరమొచ్చి పోయాడట.

"పాఠం పూర్తికాందే ఆ మూల బల్ల దగ్గర్నుంచి లేచేవాడు కాదండి," అని, హనుమయ్య టీ తేవడానికి కిందికి దిగాడు.

హేమ చరిత్ర క్యాసెట్ ఒకటి పెట్టింది. నెమ్మదైన గొంతు ఒక పేరా చదివి ఆగింది.

"రాసుకున్నారా?"

టిక్... టిక్... టిక్.

రికార్డింగులో పడ్డ సూది చప్పుడే అనుకుంది హేమ. ఇక్కడి పుల్ల అక్కడ పెట్టే ఓపిక కూడా లేదు ఆవిడకి. ఇన్ని పెట్టెలు ఎప్పటికి వినేది? అంతలో కరెంటు పోయింది. టేపు మూలుగుతూ ఆగిపోయింది.

టిక్... టిక్...

అది ఆగలేదు. మూల బల్ల దగ్గర్నుంచి వస్తోంది. తొందరేమీ లేకుండా చివరిదాకా రాసుకుని... అప్పుడు ఆగింది.

"తర్వాత?" అన్నారెవరో, గుసగుసగా.

మెట్లు ఎలా దిగిందో హేమకే తెలియదు. టీ గ్లాసులతో ఎదురొచ్చిన హనుమయ్య, ఆ చరిత్ర పాఠాలన్నా ఉంచుదామండీ అన్నాడు.

"ఏమీ వద్దు. అన్నీ తుక్కుకే వేసెయ్యండి."

మనిషి మరీ అలిసిపోతే న్యాయం కూడా బరువే.

మర్నాడు తుక్కు బండి వచ్చి పెట్టెలన్నీ పట్టుకుపోయింది. అన్నమాట ప్రకారం బదిలీ కాగితమూ వచ్చింది. ఉయ్యూరులో మొదటి రోజు హేమ వెలుగుండగానే ఇల్లు చేరింది. రుచిత సంబరం అంతా ఇంతా కాదు. పక్కమీద అమ్మని ఆనుకుని పడుకుని, బళ్లో పాఠం చదివి వినిపించమంది. కిటికీలోంచి షుగర్ ఫ్యాక్టరీ వాసన వస్తోంది. కాసేపటికి పిల్ల కళ్లు మూతపడ్డాయి. హేమ చదవడం ఆపింది.

టిక్... టిక్... టిక్.

దుప్పటి కింద.

రుచిత కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"తర్వాత?"

హేమ గబగబా పేజీ తిప్పి చదివింది. ఇంకో పేజీ చదివింది. టిక్కుమనలేదు. ఇది ఆ చరిత్ర పాఠం కాదు. దాని తరువాయి తుక్కు బండిలో వెళ్లిపోయింది.

దుప్పట్లో చెయ్యి పెట్టి పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది. చిన్న అరచెయ్యి, వెచ్చగా, మెత్తగా ఉంది. ఒక్కో వేలూ తడిమింది...

చూపుడువేలు కాయ కాచి ఉంది.