బొట్టు పెట్టిన బ్యాటరీలు

మల్కాపురంలో అర్జునరావు స్టూడియో అంటే ముందు గది. వెనక గది ఇల్లు. రెండువేల ఏడులో రీలు కెమెరాని అటకెక్కించి డిజిటల్ కెమెరా కొన్నాడు. దానికింద బిగించే బ్యాటరీ గ్రిప్ కూడా తెచ్చాడు. అందులో రెండు బ్యాటరీలు పడతాయి కాబట్టి పెళ్ళంతా గడిచిపోతుంది. పక్కన ఇంకో బటన్ కూడా ఉంటుంది, కెమెరా నిలువుగా తిప్పి తియ్యడానికి. ఆ గ్రిప్‌ని అతను చంటిబిడ్డలా చూసుకునేవాడు. మొగుడూ పెళ్ళాలకి పిల్లలు లేరు లెండి.

ఛార్జింగ్ పెట్టే పని భార్య చంద్రికది. నిండిన బ్యాటరీ మీద తన ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించేది. అది అయిపోగానే అతను బిళ్ళ పీకేసేవాడు. బొట్టుంటే నిండినట్టు, లేకపోతే ఖాళీ. ఎంత హడావిడిలోనూ ఆ గుర్తు తప్పలేదు. ఆమెకి ఎప్పుడూ తలనొప్పే. నుదుటికి బామ్ రాసుకున్న వేళ్ళతోనే బ్యాటరీలు సర్దేది, అందుకని గ్రిప్ కూడా ఆ వాసనే వేసేది.

తలలో పువ్వులు పెట్టుకున్నప్పుడల్లా అడిగేది. "నాదొక్కటి తియ్యండి."

"బేటరీ అయిపోద్దే. రేపు పెళ్ళుంది," అనేవాడు.

ఆమె నవ్వి ఊరుకునేది. వాళ్ళ పెళ్ళి ఆల్బమ్ ఏనాడో తుఫాను వానకి నానిపోయింది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరినీ తీసినవాడు సొంత పెళ్ళాన్ని ఒక్కసారీ తియ్యలేదు. దీపం కిందే చీకటంటారు మరి.

అలా కొన్నేళ్ళు గడిచాక, మార్చిలో ఒక మధ్యాహ్నం ఆ తలనొప్పే ఆమెని తీసుకుపోయింది. పెద్దకర్మకి పటం కావాలన్నారు. అర్జునరావు ఇల్లంతా తిరగేశాడు. ఎవరిదో పెళ్ళి ఫొటోలో, వెనక వరసలో, మసగ్గా నిలబడి ఉంది. ఆ ముఖాన్నే కత్తిరించి పెద్దది చేశాడు. కళ్ళు కూడా సరిగ్గా తెలియలేదు. అతని దగ్గర లైటు పట్టే తవిటయ్య గోడకి మేకు కొట్టి ఆ పటం తగిలించాడు. ఆ రోజు అర్జునరావు ఏడ్చిన ఏడుపు పగవాడికి కూడా వద్దు.

ఆ తర్వాత రెండు నెలలు కెమెరా ముట్టుకోలేదు.

"ఎన్నాళ్ళిలాగ బావా? పెందుర్తిలో ఓణీల ఫంక్షనుంది. నాను మాటిచ్చేసినాను," అని తవిటయ్యే కెమెరా సంచి భుజాన వేసుకుని అతన్ని ఆటో ఎక్కించాడు.

పొద్దు వాలే వేళకి పందిట్లో సీరియల్ లైట్లు వెలిగాయి. వెనకనుంచి సాంబారు వాసన వస్తోంది. కొత్త ఓణీలో పిల్ల సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చుంది. అర్జునరావు కెమెరా ఆన్ చేశాడు. బ్యాటరీ నిండుగా ఉన్నట్టు చూపించింది. పది ఫొటోలు తీశాక గుర్తొచ్చింది. చంద్రిక పోయాక తను ఛార్జింగే పెట్టలేదు.

చేతిలో గ్రిప్ వెచ్చగా ఉంది. సాంబారు వాసనని దాటుకుని, సన్నగా... బామ్ వాసన.

క్లిక్.

అతను నొక్కలేదు. నిలువు బటన్ మీద అతని వేలే లేదు.

క్లిక్... క్లిక్...

"ఏటి బావా, కెమెరా కిందకి దించీసి తీత్తన్నావేటి?" తవిటయ్య చెవిలో గొణిగాడు.

"నాను కాదు..."

తెర చూశాడు. నిలువు ఫొటో. అందులో తనే ఉన్నాడు. పందిట్లో నిలబడ్డ తనని ఎదురుగా ఎవరో తీసినట్టు. కెమెరా తన చేతిలోనే ఉంది కదా... ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపాడు. అలాంటివే ఇంకో రెండు, తర్వాత పిల్ల ఫొటోలు పది. వాటికి ముందు, ఆటోలో తను. దానికీ ముందు... వెనక గదిలో, చాప మీద, బనీనుతో నిద్రపోతున్న తను. ఆ రెండు నెలలూ కెమెరా సంచిలోనే ఉంది. జిప్పు వేసే ఉంది.

ఎవరికీ చెప్పకుండా వంటల పందిరి వెనక్కి పోయాడు. అక్కడ పొగ, చీకటి. భయం కన్నా దుఃఖమే ముందు తన్నుకొచ్చింది.

"చంద్రికా..." కెమెరా పైకెత్తాడు. "తప్పయిపోయిందే. ఇప్పుడు నిలబడు... ఒక్కటే ఒక్కటి."

చీకట్లోకి గురిపెట్టి నొక్కాడు.

తెర మీద ఖాళీ బ్యాటరీ గుర్తు రెండుసార్లు మినుకుమంది. కెమెరా ఆగిపోయింది. అన్నేళ్ళూ తను ఆమెకి చెప్పిన జవాబే ఇప్పుడు తనకీ దొరికింది.

గ్రిప్ మూత తీశాడు. రెండు గడులూ ఖాళీ. అందులో బ్యాటరీలే లేవు.

ఒంట్లో బాలేదని తవిటయ్యతో చెప్పి, సంచి తీసుకుని ఆటో ఎక్కాడు. మల్కాపురం చేరేసరికి వీధి మొత్తం కరెంటు పోయి ఉంది. తాళం తీశాడు. వెనక గదిలోంచి సన్నగా ఆకుపచ్చ వెలుగు వస్తోంది.

ఛార్జరు.

కరెంటు లేదు. అయినా వెలుగుతోంది. అందులో రెండు బ్యాటరీలున్నాయి. రెండింటి మీదా ఎర్ర బొట్టుబిళ్ళలున్నాయి.

ఆ కాస్త వెలుగులో గోడ మీద పటం కనిపించింది. చంద్రిక ఎప్పటిలాగే మసగ్గా చూస్తోంది. ఆమె పక్కన జానెడు దూరంలో, సరిగ్గా అదే ఎత్తులో, ఇంకో మేకు కొట్టి ఉంది. పొద్దున్న అది లేదు. కింద నేల మీద సున్నం పొడి అప్పుడే రాలినట్టుంది.

భుజాన ఉన్న సంచిలోంచి... క్లిక్.

అర్జునరావు కళ్ళు తుడుచుకుని, చేత్తో జుత్తు సవరించుకున్నాడు.