జానెడు వెనక్కి

వాన దంచుతుంటే గొడుగు తన నెత్తిన కాక చేతిలో ఉన్న పంజరం మీద పట్టుకుని వచ్చిందామె. పంజరంలో చిలక పొడిగా ఉంది. మనిషి మాత్రం జడ కొస నుంచి చెప్పుల దాకా కారుతోంది. తలుపు తీసిన వడ్రంగి లోపలికి రమ్మనడం మరిచిపోయి, గొడుగుకు విరిగిన పుల్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"పుల్ల తర్వాత చూద్దురుగాని, కాస్త పక్కకి జరగండి," అందామె.

ఆమె అతని వదినకు బట్టలు కుట్టే అమ్మాయి. తన కుట్టు కొట్టు పైన గదిలోనే అద్దెకుంటుంది. చిలక గోల పడలేనని ఇల్లుగలాయన తేల్చి చెప్పేసరికి, మా ఇంట్లో ఒకటి ఉండనే ఉంది, దానికి తోడుగా తెచ్చెయ్యమని వదిన మాటిచ్చేసింది. ఉన్నదాన్ని పెంచుతున్న మరిదిని మాత్రం అడగలేదు.

అతని చిలక పేరు మేకు. ఏదైనా పట్టుకుంటే వదలదు గనక ఆ పేరు. దానికి మాటలు రావు. పొద్దస్తమానం రంపం కోసినట్టు కూస్తుంది. వచ్చినదాని పేరు గుండీ. అది కుట్టు మెషీను తిరిగినట్టు టకటకమంటుంది. ఆ చప్పుడు వినగానే మేకు ఒళ్ళంతా ఉబ్బించుకుని, నోట్లోని జామముక్క కింద పారేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

కుట్టమ్మాయి పక్షుల డాక్టరును అడిగి మరీ వచ్చింది. తొందరపడకూడదట. కొత్తదాన్ని కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచితే రోగం ఏదైనా ఉంటే బయటపడుతుంది. తర్వాత ఒకే గదిలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. ఏది పెట్టినా ముందు పాతదానికే పెట్టాలి, లేదంటే అలుగుతుంది. రోజుకు జానెడు చొప్పున దగ్గరికి జరపాలి. రెండూ ఒకే పంజరంలో సర్దుకున్నాక ఇక భయం లేదు.

"అందాకా రోజూ సాయంత్రం వస్తాను. గుండీ కుదురుకుంటే మీకు నా బెడద ఉండదు," అంది.

వడ్రంగి చెవిమీది పెన్సిలు తీసి చూసి, మళ్ళీ చెవిమీదే పెట్టుకున్నాడు.

వేరే గదిలో ఉంచాల్సిన రోజులు అయిపోయాక గుండీ హాల్లోకి వచ్చింది. మేకు పంజరం కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. గుండీ పంజరం వీధి గుమ్మం పక్కన పెట్టేందుకు అతను ఒక చక్రాల స్టూలు చేసిపెట్టాడు. ఆమె కొట్టు కట్టేసి, వేళ్ళకు నీలం సుద్ద అలాగే ఉండగా వచ్చేది. స్టూలును జానెడు ముందుకు నెట్టేది. చక్రం ఆగిన చోట అతను నేలమీద పెన్సిలు గీత గీసేవాడు. ఆపైన ఇద్దరూ జామకాయ ముక్కలు కోస్తూ కూర్చునేవారు. దీపాలు పెట్టాక గాని ఇల్లు చేరని మరిది, ఇంకా వెలుతురుండగానే స్నానం చేసి, తల దువ్వుకుని ఎదురు చూడటం వదిన గమనించింది. 

ఒక సాయంత్రం మేకు గోడవైపు తిరగలేదు. ఇక ఎన్నాళ్ళో పట్టదని కుట్టమ్మాయి అంది. ఆ మాటకు సంతోషపడాల్సింది పోయి అతను కోస్తున్న జామకాయ పక్కన పెట్టేశాడు. ఎందుకు పెట్టేశాడో తెల్లవారేదాకా అతనికే అర్థం కాలేదు. తెల్లవారాక స్టూలును జానెడు వెనక్కి నెట్టి, గీత తుడిచి కొత్త గీత గీశాడు. చిలకల విషయంలో తొందర పనికిరాదు కదా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చి గీత వంక చూసింది. అరంగుళం తేడా వచ్చినా పట్టేసే చూపు ఆమెది. అయినా ఎప్పటిలా ముందుకు జరిపింది. మర్నాడు చూస్తే పంజరం గీతకు ఇంకో జానెడు వెనక ఉంది.

అతనికి మతిపోయింది. తను నెట్టిన కొద్దీ అది రెట్టింపు వెనక్కి పోతోంది. వారం తిరిగేసరికి గుండీ మళ్ళీ వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసింది. చీపురు తగిలి జరుగుతోందేమో అని వదిన మీద అనుమానపడ్డాడు.

"నేను ఊడ్చేది దుమ్మునయ్యా, చిలకల్ని కాదు," అంది వదిన.

అప్పుడు స్టూలు వెనక అంచున నీలం వేలిముద్రలు కనిపించాయి. తను గొడుగు తెచ్చివ్వడానికి లోపలికి వెళ్ళినప్పుడల్లా ఆమే వెనక్కి లాగుతోందన్నమాట. అంటే గుండీని ఈ ఇంట్లో ఉంచడం ఆమెకు ఇష్టం లేదు. ఇష్టం లేని మనిషి రోజూ వచ్చి ముందుకెందుకు జరుపుతుంది? ఎటునుంచి ఆలోచించినా లెక్క తేలలేదు.

ఆ సాయంత్రం ఆమె పండ్లు కొయ్యలేదు.

"గుండీకి ఇక్కడ చోటు కుదిరేలా లేదు. పక్క వీధిలో గది చూశాను. చిలకున్నా ఏమీ అనరట. ఆదివారం తీసుకెళ్తాను."

వద్దనాలని అతని నోటిదాకా వచ్చింది.

"సరే," అన్నాడు.

ఆమె గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

శనివారం సాయంత్రం మళ్ళీ వాన. పెరట్లో చెక్క చిత్రిక పడుతున్న వడ్రంగికి హాల్లోంచి కుట్టు మెషీను చప్పుడు వినిపించింది. ఆమె వచ్చి గుండీని కూయించుకుంటోందని పరుగెత్తాడు. హాల్లో ఎవరూ లేరు. గుండీ నోరు మూసుకుని వింటోంది. టకటకమంటున్నది మేకు. అది ఆపగానే, గుమ్మం దగ్గర నుంచి గుండీ తల వంచి, తీరుబడిగా రంపం కోసింది.

అతను గొడుగు తీసుకుని ఆమె కొట్టుకు వెళ్ళాడు. దాని విరిగిన పుల్ల బదులు సన్నటి చెక్కపుల్ల అతనే అమర్చి ఉంచాడు. ఆమె తలెత్తింది గాని మెషీను ఆపలేదు.

"మేకు మీ మెషీను నేర్చుకుంది," అన్నాడు.

మెషీను ఆగింది.

"మరి గుండీ?"

"రంపం కోస్తోంది."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. అతను గొడుగు పిడి వంక చూస్తూ చెప్పాడు. "పంజరం వెనక్కి నెట్టింది నేను."

"తెలుసు. స్టూలు నిండా రంపపు పొట్టే. గుండీని వదిలించుకోవాలని చూస్తున్నారనుకున్నాను."

"మీరూ నెట్టారు."

"నెట్టాను. మీరూ నాలాగే అనుకుని నెట్టివుంటే బాగుండుననుకున్నాను."

"నేనెందుకు నెట్టానో మీకెలా తెలుసు?"

"తెలియదు. చెప్పండి."

అతను వాన వంక చూశాడు. సూదిపెట్టె వంక చూశాడు. చెవిమీద పెన్సిలు కోసం తడుముకుంటే అది కూడా లేదు.

"అవి కలిసిపోతే మీరు రారు కదా అని."

ఆమె కుడుతున్న గుడ్డ దారం పళ్ళతో తెంపి, మడత పెట్టి, దీపం ఆర్పింది. "పదండి. కలిసినా వస్తానో రానో, ముందు చూద్దాం," అంది.

దారిలో గొడుగు అతను ఆమె వైపు వంచాడు. ఆమె అతని వైపు తోసింది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి గొడుగు పిడి ఒక్కటే పొడిగా ఉంది.

"గొడుగుండి కూడా ఈ తడవడమేమిటి?" అంది వదిన గుమ్మంలో. జవాబు కోసం ఆగకుండా తనే మళ్ళీ అందుకుంది. "మీ ఇద్దరి సంగతి మీ అన్నతో నేను మాట్లాడతాలే. లోపలికి రండి, చప్పుడు చెయ్యకండి."

స్టూలు బల్లకు ఆనించి ఉంది. పంజరాల తలుపులు రెండూ తీసి ఉన్నాయి. మీ ఇద్దరి కొలతలు తేలేదాకా కూర్చుంటే ఇవి ముసలివైపోతాయని తనే జరిపేశానంది వదిన.

వానకు మూసిన కిటికీ ఊచ మీద రెండు చిలకలూ పక్కపక్కన కూర్చున్నాయి. మేకు నోట్లో జామముక్క ఉంది. దాని రెండో కొసను గుండీ కొరుకుతోంది. ఒకసారి పట్టుకుంటే వదలని మేకు, కాస్త వదిలింది.