పుట్టుమచ్చ

2079 నాటికి కాకినాడలో చెత్తకుండీలు లేవు. పాడైన ఫ్యానైనా, పగిలిన బకెట్టైనా గుమ్మం ముందు పెడితే చాలు, మనిషి లేని బండి వచ్చి తీసుకెళ్ళి, దాన్ని తయారుచేసిన కంపెనీ గేటు దగ్గర దించేది. కరిగించి మళ్ళీ వాడుకోవడం ఆ కంపెనీ బాధ్యత.

ఇదంతా హైమవతి కనిపెట్టిన ‘పుట్టుమచ్చ’ చలవ. ముడిసరుకులోనే కలిపే నానో రేణువులవి. వస్తువు తునకలైనా ప్రతి తునకలోనూ ఒక సంఖ్య మిగులుతుంది. ఆ సంఖ్య ఎవరిదో ‘మూలపట్టిక’ అనే కంప్యూటర్ చెబుతుంది. అందులో పేరు మార్చాలంటే హైమవతి, ఆమెతో పనిచేసే వేణుధర్, ఇద్దరూ ఒప్పుకోవాలి.

గుండె ఆపరేషన్‌కి వెళ్తూ హైమవతి తన పాస్‌వర్డ్ కూడా వేణుధర్‌కే ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ స్నేహం మరి.

ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు పొద్దున్న, ఆమె ఇంటి ముందు బండ్లు బారులు తీరాయి.

“ఎవరికోసం?” అనడిగింది మొదటి బండిని.

“హైమవతి గారికండి. పదకొండు కంపెనీల సరుకు. తయారీదారు మీరేనని పట్టిక చెబుతోంది. ఎక్కడ దించమంటారు?”

వెంటనే వేణుధర్‌కి ఫోన్ చేసింది.

“తమ పేర్లు తీసెయ్యకపోతే ఫ్యాక్టరీలు మూసేస్తామని కంపెనీలవాళ్ళు బెదిరించారు హైమా. ఎవరో ఒకరి పేరుండాలి కదా.” అతని గొంతు తగ్గింది. “నువ్వు దక్కడం కష్టమన్నారు డాక్టర్లు. పోయినవాళ్ళ మీద కేసులుండవని...”

“నేను చచ్చిపోతానని లెక్కేసుకుని నా పేరు రాశావా?”

“తప్పయిపోయింది హైమా.”

“ఇప్పుడే మార్చు.”

“కుదరదు. మార్చిన పేరు ముప్పై ఏళ్ళు కదలకూడదని రూలు పెట్టింది నువ్వే. కంపెనీలు మోసం చేస్తాయని.”

కుట్లు లాగుతుంటే హైమవతి మెట్ల మీద కూలబడింది. బండ్లు దించడం మొదలెట్టాయి. ఫ్రిజ్‌లు, టైర్లు, విరిగిన కుర్చీలు మల్లెపందిరి దాకా పేరుకున్నాయి.

పక్కింటి పార్వతీశం గేటు తీసుకుని వచ్చాడు. ఆసుపత్రిలో ఆమెకు రోజూ జావ తెచ్చిచ్చిన మనిషి. ఆయన్ని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది.

“అన్యాయమండీ, ఘోరం,” అన్నాడాయన. కాసేపు నసిగి, “మా వాషింగ్ మెషీన్ కోసం వారం నుంచీ బండి రావట్లేదండి. ఎలాగూ ఇక్కడ దించుతున్నారు గదా, అదీ ఓ మూల పెట్టేసుకోనా?” అన్నాడు.

ఆయన వెనకాల, చేతికందిన పాత సామాను పట్టుకుని, వీధి వీధంతా నిలబడి ఉంది.