కళ తీయని రాయి

గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగే పుంతరోడ్డు మీద ఒక పాత తూము ఉంది. చీకటి పడ్డాక చేపల లారీల వాళ్ళు కూడా అక్కడ బండి ఆపరు. నీళ్ళలోంచి ఆడగొంతు అడుగుతుందట... "వేళయిందా?" అని. విన్నవాళ్ళెవరూ బదులు చెప్పరు.

ఆ వేళ దేనికో తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే — అమ్మవారి గుడి పూజారి సూర్యనారాయణ.

మూడేళ్ళ కిందట విగ్రహం చెయ్యి విరిగితే కొత్తది తెచ్చారు. పాతదాన్ని కదిలించే ముందు, వేళయిందమ్మా అని, అందులోని కళను, అంటే అమ్మవారి శక్తిని, మంత్రంతో కలశంలోకి పిలవాలి. ఆ నీళ్ళతో కొత్త విగ్రహానికి అభిషేకం చెయ్యాలి. అప్పుడే పాతది రాయవుతుంది, కొత్తది అమ్మవారవుతుంది. గంట పట్టే పని. గుడి పెద్ద బుల్లిరాజుగారికేమో ఏలూరులో రైలుంది.

"కానివ్వండి పంతులుగారూ, రైలు వెళ్ళిపోద్దండీ!"

సూర్యనారాయణ పెదవులు కదిపాడు. అంతే. మంత్రం లేదు. వట్టి నీళ్ళు పోసి ప్రతిష్ఠ అయిందనిపించాడు. పాత విగ్రహాన్ని కళతో సహా తూము దగ్గర ముంచేశారు. అమ్మవారికే టోపీ పెట్టిన మనిషికి ఇక నిద్రేం పడుతుంది?

ఈ వేసవిలో కాలువకి నీళ్ళు ఆపేశారు. నీళ్ళు దిగిపోయి, గుర్రపుడెక్క మధ్య రాతి కిరీటం కనబడుతోందని ఎవరో అన్నారు. తెల్లారితే గుడి వార్షికోత్సవం. ఊరికి తెలిస్తే పరువూ బతుకూ రెండూ పోతాయి. అంతకంటే — అమ్మ మూడేళ్ళుగా పస్తులుంది. అది తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చేది.

ఆ రాత్రి గర్భగుడికి తాళం వేసి, కూతురు హరిప్రియను మండపంలో కూర్చోబెట్టాడు. "దండలు కడుతూ ఉండమ్మా, గంటలో వస్తాను."

కలశమూ, గిన్నెడు దద్దోజనమూ పట్టుకుని తూము కింద బురదలోకి దిగాడు.

అమ్మ అక్కడే ఉంది. మెడ దాకా బురద... కళ్ళు మాత్రం అతని వైపే.

"వేళయిందా?"

సూర్యనారాయణ కలశం దించి చేతులు జోడించాడు. "అయిందమ్మా... తప్పయిపోయింది. నీ ఇంటికి తీసుకెళ్తాను, రా తల్లీ..."



"ఆ ఇంట్లోకి ఎలా వస్తాను నాయనా... వేరే ఎవరో ఉన్నారుగా."

"ఎవరమ్మా? అది ఖాళీ..."

ఖాళీ కొంప ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది? రోజూ రెండు పూటలా తలుపు తీసి, దీపం పెట్టి, రమ్మని పిలిచింది తనే.

"మూడేళ్ళుగా ఎవరికి పెడుతున్నావు నాయనా?"

జేబులో ఫోన్ మోగింది. హరిప్రియ... గుసగుసగా—

"నాన్నగారూ, గర్భగుడికి తాళం వేసే వెళ్ళారు కదండీ?"

"వేశానమ్మా. నువ్వు ముందు బయటికి వచ్చెయ్—"

"లోపల్నుంచి ఎవరో అడిగారండీ... వేళయిందా అని. మీరేననుకుని... అయిందండీ అనేశాను."

ఫోన్లో తాళం ఊడి గచ్చు మీద పడిన చప్పుడు వినబడింది.

తాళంచెవి సూర్యనారాయణ మొలలోనే ఉంది.